స్టేషన్‌కి ఫోన్ చేసే ఎమ్మెల్యే: ఒక మాజీ డీఎస్పీతో 14 నెలలు

ఎమ్మెల్యేల ఆఫీసులకు పని నేర్పడం నా వృత్తి. ప్రచారం, సర్వేలు, టికెట్లు నా వైపు రావు. మనిషి గెలిచాక నా పని మొదలవుతుంది. పిటిషన్ వస్తే ఏ రిజిస్టర్‌లో ఎక్కాలి, లేఖ ఎవరికి రాయాలి, అసెంబ్లీలో ప్రశ్న ఎలా వెయ్యాలి, వచ్చిన సమాధానాన్ని ఏం చేసుకోవాలి, ఇవన్నీ నేర్పుతాను. ఈ కేసులో మనిషి పేరు, నియోజకవర్గం పేరు రాయడం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏదన్నది కూడా చెప్పను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను, జరిగిన క్రమం మాత్రం మార్చలేదు. ఆయన ఇది చదివారు. ఒక వాక్యం కింద పెన్నుతో గీత పెట్టి పంపారు, ఆ వాక్యం తీసేశాను.

ఈ కేసే ఎందుకంటే, ఇందులో నేను వరసగా రెండు తప్పు నిర్ణయాలు తీసుకున్నాను. రెండూ తీసుకున్నప్పుడు చాలా తెలివైనవిగానే కనిపించాయి.

నేపథ్యం

ఆయన ఎస్ఐగా చేరి, సీఐ అయి, డీఎస్పీగా ఉండగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. 27 ఏళ్ల సర్వీసు. లంచం మాట ఎక్కడా లేదు. చెయ్యి చేసుకుంటారన్న మాట కొంచెం ఉంది. అధికార పార్టీ తరఫున మొదటిసారే గెలిచారు.

పోలీసు ఉద్యోగం నుంచి రాజకీయాల్లోకి రావడం మనకు కొత్త కాదు. సీబీఐ డైరెక్టర్‌గా చేసిన కె. విజయరామారావు 1999లో ఖైరతాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు, 2004లో అక్కడే ఓడిపోయారు. 2019లో విశాఖ లోక్‌సభకు నిలబడ్డ వి.వి. లక్ష్మీనారాయణ, 2023లో సిర్పూర్‌లో నిలబడ్డ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గెలవలేదు. యూనిఫాంలో తెచ్చుకున్న పేరు ఎప్పుడు ఓటవుతుంది, ఎప్పుడు కాదు అన్నది వేరే చర్చ. నా దగ్గరికి వచ్చేది ఓట్లు పడ్డవాళ్లే. గెలిచాక ఆ పేరుతో ఏం చెయ్యాలో తోచక వస్తారు.

ఎన్నికల ముందు కాగితం పని మాత్రం ఈయన పక్కాగా చేసుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా పోటీ చేస్తే రాజ్యాంగం 191వ అధికరణంలోని లాభదాయక పదవి నిబంధన అడ్డొస్తుంది. విరమణకు దరఖాస్తు పెడితే చాలదు, అది ఆమోదం కూడా పొందాలి. 2019లో హిందూపురం లోక్‌సభకు నిలబడ్డ సీఐ గోరంట్ల మాధవ్ విషయంలో ఆ ఆమోదం ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఈయన అది గుర్తుపెట్టుకుని ఎన్నికలకు చాలా ముందే రిలీవింగ్ ఆర్డర్ చేతిలో పెట్టుకున్నారు. అఫిడవిట్‌లో చిన్న తప్పు లేదు. ఖర్చుల రిజిస్టర్ కూడా 40 లక్షల పరిమితికి బాగా లోపే, రోజువారీగా రాసి ఉంది. అది చూసినప్పుడే ఈయనకు రిజిస్టర్ అంటే భక్తి అని నాకు అర్థం కావాల్సింది. కాలేదు. అయ్యుంటే మూడు నెలలు మిగిలేవి.

నా ముందుకు వచ్చిన సమస్య

నన్ను పిలిచింది ఆయన కాదు, ఆయన అల్లుడు. అప్పటికి గెలిచి ఎనిమిదో నెల. "మామయ్య తెల్లారి ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా పనిచేస్తున్నారండీ. అయినా ఊళ్లో ఒక్కరు కూడా బాగుందనడం లేదు" అన్నాడు.

మొదటి రోజు నేనేమీ మాట్లాడలేదు, ఆఫీసులో ఒక మూల కూర్చున్నాను. పెద్ద టేబుల్, దాని మీద గాజు పలక, వెనక గోడకు నియోజకవర్గం మ్యాపు, దాని మీద ఎర్ర పిన్నులు. టేబుల్‌కి ఇవతల రెండే కుర్చీలు, రెండింటి మీదా ఫైళ్లు. వచ్చినవాళ్లు నిలబడే మాట్లాడుతున్నారు. ఒక పెద్దాయన వచ్చి, నాలుగు నెలలుగా పింఛను పడటం లేదన్నాడు.

"ఏ నెల నుంచి?"

చెప్పాడు.

"సాక్షి ఎవరు?"

పెద్దాయనకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగి, గుమ్మం దగ్గర నిలబడ్డ భార్యను చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు. "ఇదిగోనయ్యా, ఈమెకి తెలుసు" అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. ఎమ్మెల్యే గారూ నవ్వలేదు. ఆమె పేరు కూడా రాసుకున్నారు.

రోజూ ఉదయం ఆరున్నరకు మండల నాయకులందరితో ఫోన్ కాన్ఫరెన్స్. దానికి ఆయన పెట్టుకున్న పేరు సెట్ కాన్ఫరెన్స్. ఎస్పీలు రోజూ పొద్దున వైర్‌లెస్ సెట్‌లో స్టేషన్లన్నిటినీ పలకరించే పద్ధతి అది. "రాత్రి మీ మండలంలో ఏం జరిగింది?" అని ఒక్కొక్కరినీ అడుగుతారు. ఏమీ జరగలేదంటే ఊరుకోరు. నాయకులు పాపం ఏదో ఒకటి తయారుచేసుకుని వస్తున్నారు. అంతకుముందున్న ఎమ్మెల్యేని కార్యకర్తలు "అన్నా" అనేవారట. ఈయన్ని అందరూ "సార్" అంటున్నారు. సొంత పార్టీవాళ్లు ఎమ్మెల్యేని సార్ అంటున్నారంటే నా అనుభవంలో అది జ్వరం లాంటిది. జబ్బు ఇంకెక్కడో ఉంటుంది.

రెండు వారాల విజిటర్ల పుస్తకం తీసి లెక్కేశాను. 212 మంది వచ్చారు. అందులో 130 మందికి పైగా పోలీసు పని మీదే వచ్చారు: ఎఫ్ఐఆర్ కట్టడం లేదు, కట్టారు కానీ పట్టించుకోవడం లేదు, మావాణ్ని స్టేషన్లో కూర్చోబెట్టారు, పక్కింటివాడి మీద బైండోవర్ (గొడవ చెయ్యనని పూచీకత్తు రాయించడం) పెట్టించండి. రోడ్లు, కాలువలు, బడులు, ఆస్పత్రుల గురించి వచ్చినవాళ్లు పదుల్లో కూడా లేరు. సమస్యలు లేక కాదు. ఈ ఎమ్మెల్యే దగ్గరికి స్టేషన్ పని మీద వెళ్లాలని జనం నిర్ణయించేసుకున్నారు. ఆయన కూడా అదే నిర్ణయించుకున్నారు. పిటిషన్ పూర్తిగా వినకముందే చెయ్యి ఫోన్ మీదకు పోతుంది. అదీ సీఐకి కాదు, నేరుగా స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్‌కి. "ఫలానా పేపరు నీ దగ్గరుందా? ఎప్పుడు ముట్టింది? జీడీలో ఎక్కించావా?" ఇన్ని ప్రశ్నలు ఒక్క గుక్కలో. జీడీ అంటే జనరల్ డైరీ, స్టేషన్‌లో జరిగేదంతా టైంతో సహా రాసే పుస్తకం.

ఆయన్నే అడిగి వారం రోజుల కాల్ లిస్టు తీసుకున్నాను. స్టేషన్లకు 63 కాల్స్ వెళ్లాయి. ఒక సబ్‌డివిజన్ నడిపే డీఎస్పీ కూడా వారంలో అన్ని చెయ్యడేమో.

మొదటి ప్రయత్నం: ఫోన్ మాన్పించడం

ఇక్కడ నా ఆలోచన ఏమిటో చెప్పాలి. ఫోన్ కాల్స్ ఎక్కువయ్యాయి కాబట్టి కాల్స్ తగ్గించాలి అనుకున్నాను. ఆయన మాటకు స్టేషన్‌లో ఎమ్మెల్యే బరువుతో పాటు పాత డీఎస్పీ బరువు కూడా ఉంది. అక్కడి ఎస్ఐల్లో ఇద్దరు ఒకప్పుడు ఆయన దగ్గర ప్రొబేషనర్లు. అలాంటి గొంతు వినపడితే ఎవరూ కాదనలేరు. కాబట్టి గొంతు మారుద్దామన్నాను. స్టేషన్లకు ఇకపై పీఏ ఒక్కడే ఫోన్ చేస్తాడు, కేవలం స్టేటస్ కనుక్కుంటాడు.

నెల తిరగకముందే ఇది అడ్డం తిరిగింది. పీఏ "సార్ చెప్పమన్నారు" అంటూ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎమ్మెల్యే చెప్పినవి కొన్ని, చెప్పనివి కొన్ని. ఫోన్లు తగ్గలేదు, ఆఫీసు గేటు దగ్గర పీఏ కోసం ఎదురుచూసే జనం మాత్రం పెరిగారు. ఒకరోజు సీఐ మర్యాదగానే నాకు ఫోన్ చేసి, "అంతకుముందు సార్ అడిగితే కనీసం సెక్షన్ తెలిసి అడిగేవారండీ" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. అలవాటు ఆయన దగ్గరే ఉంది, నేను చేసిందల్లా దానికి ఇంకో నోరు తగిలించడమే.

రెండో ప్రయత్నం: రూల్సు చేతికివ్వడం

ఫోన్ ఆపలేకపోతే ఆయనకు అంతకంటే పెద్ద పని చూపిద్దామనుకున్నాను. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో మొదటిది శాంతిభద్రతలు, రెండోది పోలీసు. వాటి మీద చట్టం చేసేదీ, హోం శాఖ పద్దుకు ఓటేసేదీ శాసనసభే. "సార్, స్టేషన్ లోపల మీకు ఒక హోంగార్డుకు ఉన్నంత అధికారం కూడా లేదు. సభలో మాత్రం హోం మంత్రినే లేపి సమాధానం చెప్పించొచ్చు" అన్నాను. మాట నచ్చింది. సభా నియమావళి పుస్తకం ఇచ్చాను. పది రోజుల్లో పోలీసు మాన్యువల్ చదివినట్టు చదివేశారు. నియమాల నంబర్లు నాకంటే ఆయనకే బాగా గుర్తుండేవి.

వచ్చే సమావేశాలకు అయిదు ప్రశ్నలు తయారుచేసి, నాకు చూపించకుండానే పంపేశారు. నాలుగు తిరస్కరణ. కాపీలు చూస్తే ఎందుకో తెలిసింది. మన సభల్లో ప్రశ్నకు ఒక అచ్చు ఉంటుంది: "(అ) ఫలానా విషయం వాస్తవమేనా, (ఆ) అయినట్లయితే, వివరాలు ఏమిటి" అని. ఈయన ప్రశ్నల్లో (అ) నుంచి (ఊ) దాకా ఉన్నాయి. ఒకదానిలో ఒక కాంట్రాక్టర్ పేరు, ఆయన బావమరిది పేరు, తేదీ, టైం ఉన్నాయి. ఇంకోటి కోర్టు విచారణలో ఉన్న కేసు. మరోదానిలో ఆరోపణ ముందే రాసేసి, "దీనికి మంత్రి ఏమంటారు" అని అడిగారు. పేర్లు పెట్టి ఆరోపించడం, కోర్టులో ఉన్న విషయం ఎత్తడం, అభిప్రాయం అడగడం, ఈ మూడూ ఏ సభలోనూ ప్రశ్నలో చెల్లవు. ఆ నియమాలు ఆయనకు నంబర్లతో సహా వచ్చు. పెన్ను పట్టుకుంటే మాత్రం చార్జిషీటు వస్తోంది.

నిజానికి అయిదో ప్రశ్న ఆమోదం పొందింది. అది ఒక వంతెన గురించి. దాన్ని ఆయన అసలు పట్టించుకోలేదు.

ఈ రెండో వైఫల్యానికి కారణం నాకు వెంటనే అందలేదు. నియమావళి తెలిస్తే శాసనసభ్యుడి బుర్ర వస్తుందనుకున్నాను. పోలీసు ఒక్కో సంఘటన వెంట వెళ్తాడు: ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, సాక్ష్యం ఏది. సభలో అడిగేది వంద సంఘటనల వెనకున్న కారణం. ఈ తేడా పుస్తకం చదివితే వచ్చేది కాదు.

జీడీ ఎంట్రీ

నేను వచ్చిన మూడో నెలలో జరిగింది ఇది. ఒక సాయంత్రం ఒకతను వచ్చాడు. పక్క పొలంవాడు రాత్రికి రాత్రి హద్దు రాళ్లు పీకేసి దున్నేశాడని ఏడ్చాడు. ఎమ్మెల్యే గారు అతని ముఖం, చేతులు చూస్తూ విన్నారు. తర్వాత నాతో "27 ఏళ్లు ముఖాలు చూశానండీ, ఇది అబద్ధం చెప్పే ముఖం కాదు" అన్నారు. పీఏని పక్కన పెట్టి తనే ఎస్ఐకి ఫోన్ కొట్టారు. "కేసు కట్టేసి, అవతలివాణ్ని పిలిపించు."

నేను అడ్డం చెప్పాను. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "ఎఫ్ఐఆర్ కట్టమనడం తప్పా? సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో ఏం చెప్పింది? కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండా అరెస్టు చెయ్యగల నేరం, కనపడితే కట్టి తీరాలంది కదా."

"కట్టాలని ఎస్ఐకి చెప్పింది చట్టం సార్. కానీ ఇప్పుడు అతను కట్టేది మీ ఫోన్ వచ్చిందని" అన్నాను. వినలేదు.

ఎస్ఐ కేసు కట్టాడు. అవతలి మనిషిని పిలిపించి రాత్రి తొమ్మిదిన్నర దాకా బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ మనిషి జేబులో, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఆ పొలం మీద సివిల్ కోర్టు ఇచ్చిన తాత్కాలిక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), ఆ మనిషి పక్షానే. చూపిస్తానంటే ఎవరూ చూడలేదట. మూడు వారాల్లో హైకోర్టులో రిట్ పడింది. పోలీసులు సివిల్ వివాదంలో తలదూర్చవద్దని చెప్పి కోర్టు రిట్‌ను ముగించింది. ఆర్డర్‌లో ఎమ్మెల్యే పేరు లేదు. కానీ ఆ విచారణలో స్టేషన్ జనరల్ డైరీ నకలు బయటికొచ్చింది. అందులో ఆ రోజు 19.40 గంటలకు ఎదురుగా, గుండ్రటి అక్షరాలతో ఒక లైను ఉంది: గౌరవ శాసనసభ్యులు ఫోన్ చేసి ఫలానా పిటిషన్‌పై కేసు నమోదు చేయమన్నారు. జిల్లా ఎడిషన్‌లో ఫోటోతో సహా వచ్చింది.

ఆ లైను రాసింది ఆయన దగ్గర ప్రొబేషన్ చేసిన ఎస్ఐ. ఎమ్మెల్యే గారు పేపర్ పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. పార్టీవాళ్లు వరసపెట్టి వచ్చి, ఎస్ఐని వీఆర్‌కి పంపించెయ్యాలని ఊగిపోతున్నారు. వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్, పోస్టింగ్ లేకుండా ఖాళీగా కూర్చోవడం. చివరికి ఆయన అన్నది ఒకే మాట: "జీడీలో ఖాళీ వదలొద్దని వాడికి నేర్పింది నేనే." ఎస్ఐ జోలికి వెళ్లలేదు. ఈ కేసులో నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఆ రోజే. నా పద్ధతి మార్చుకోవాలని తెలిసిందీ ఆ రోజే.

ఏం పనిచేసింది

అప్పటిదాకా ఆయన్నుంచి పోలీసుని తీసేద్దామని చూశాను. 27 ఏళ్ల అలవాటు తీసేస్తే పోదు. దాన్ని ఇంకో టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలి. ఆయన మర్నాడు నన్ను పిలిచి, "సరే, నన్నేం చెయ్యమంటారు?" అని అడిగితే, "సార్, మన ఆఫీసుకు కూడా ఒక జీడీ పెడదాం" అన్నాను.

పెద్ద లెడ్జర్ తెచ్చాం. వచ్చిన ప్రతి పిటిషన్‌కీ నంబరు, టైం, ఒక్క లైనులో విషయం. పక్కన ఒక గడి, దాని పేరు "పెన్ను ఎవరిది". అంటే, ఈ పని మీద చట్టప్రకారం సంతకం పెట్టాల్సింది ఎవరు? ఆ గడి నింపకుండా ఫోన్ ముట్టుకోకూడదు. మూడు రోజుల్లో ఆయనకు ఇది పట్టేసింది. చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఆ గడి నింపాలంటే పిటిషన్ చివరిదాకా వినాలి. పింఛను పెద్దాయన లాంటివాళ్లకు సాక్షి అక్కర్లేదని, ఎంపీడీఓ దగ్గర ఆగిన ఒక సంతకం కావాలని అప్పుడు తెలిసింది. కుర్చీల మీద ఫైళ్లు కూడా తీయించాను. దానికి ఏ తర్కం చెప్పలేదు, ఊరికే తీయించాను. కూర్చున్న మనిషి నిలబడ్డ మనిషికంటే సగం ఎక్కువ మాట్లాడతాడు.

పోలీసు పిటిషన్లకు వేరే దారి పెట్టాం. స్టేషన్‌కి ఏమీ వెళ్లదు. లేఖ ఎస్పీకి, అదీ ఒకే నమూనాలో: పిటిషన్ జతపరచడమైనది, నిబంధనల ప్రకారం పరిశీలించి స్థితిని పిటిషనర్‌కు తెలియజేయగలరు. ఎవరిది తప్పు అన్న మాట అందులో ఉండదు. ఇక పిటిషనర్‌కు చట్టం ఏమిస్తోందో ఆయనే చెప్తారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ పద్ధతి చట్టం బీఎన్ఎస్ఎస్ ప్రకారం, స్టేషన్‌లో కేసు కట్టకపోతే సెక్షన్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాల్సింది పోలీసులే. ఇవి చెప్పడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. లాయర్ ఇరవై నిమిషాలు చెప్పేది ఈయన నాలుగు ముక్కల్లో చెప్పి, వెనక కాగితం మీద రాసిచ్చేవారు. అర్జీ ఎవరికి రాయాలో, రసీదు ఎందుకు దాచుకోవాలో కూడా రాసేవారు.

అందరూ మెచ్చుకోలేదు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికిన ఒక కార్యకర్త రాత్రి పదింటికి ఇంటికొచ్చి, వదిలేయమని చెప్పండి సార్ అన్నాడు. పొద్దున కౌన్సెలింగ్‌కి వెళ్లమని చెప్పి పంపించారు. "ఎమ్మెల్యే పోలీసాయన అయ్యుండి కూడా మాకేం లాభం?" అన్న మాట నియోజకవర్గం అంతా తిరిగింది. నాకు టెన్షన్ వచ్చింది కానీ ఆయన మాత్రం కొంచెం సంతోషించినట్టే అనిపించింది.

అసలు మలుపు లెడ్జర్‌లోనే వచ్చింది. రెండు నెలలయ్యాక పోలీసు పిటిషన్లన్నీ ఒక పక్కకు తీశాం. ఆయనకు నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో కేసుల్ని తలా ఒక హెడ్డు కింద విడగొట్టే అలవాటు ఉంది కదా, అదే చెయ్యమన్నాను. 94 పిటిషన్లు. తిట్టుకున్నారు, కొట్టుకున్నారు, బెదిరించారు, దారి మూసేశారు. నేర విభాగాల ప్రకారం పంచితే ఏమీ తేలలేదు. అప్పుడు "గొడవకి ముందు ఏం జరిగింది?" అన్న గడి ఇంకోటి గీయమన్నాను. పాత పిటిషనర్లకు ఫోన్లు చేసి ఆ గడి నింపడానికి ముగ్గురు కుర్రాళ్లకు తొమ్మిది రోజులు పట్టింది. 94లో 51 గొడవలు పొలం హద్దు దగ్గర మొదలయ్యాయి. ఆ 51 మందిలో 38 మంది అంతకుముందే మండల ఆఫీసులో ఎఫ్‌లైన్ పిటిషన్ పెట్టుకున్నారు. హద్దులు కొలవమని సర్వేయర్‌కి పెట్టే అర్జీ అది. నెలలు గడిచినా సర్వేయర్ రాలేదు. రెండు మండలాలకు కలిపి ఒక్కడే ఉన్నాడు.

కాగితం ఆయన ముందు పెట్టాను. చేత్తో అటూ ఇటూ తిప్పారు. "అంటే ఇన్నాళ్లూ గొలుసు పట్టుకుని కొలిచేవాడు లేక నేను ఎఫ్ఐఆర్లు కట్టించానా" అన్నారు.

మాజీ డీఎస్పీ ఆ సమావేశాల్లో వేసిన ప్రశ్న హోం శాఖకు కాదు, రెవెన్యూ శాఖకు. (అ) రాష్ట్రంలో మంజూరైన మండల సర్వేయర్ పోస్టులెన్ని, ఖాళీలెన్ని. (ఆ) పెండింగ్‌లో ఉన్న ఎఫ్‌లైన్ దరఖాస్తులు జిల్లాలవారీగా ఎన్ని. (ఇ) వాటి పరిష్కారానికి తీసుకుంటున్న చర్యలేమిటి. ఒక్క పేరు లేదు, ఒక్క ఆరోపణ లేదు. నక్షత్రం గుర్తు ప్రశ్నగా, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నగా ఆమోదం పొందింది. ఆయన రెండు రాత్రులు ఆ జవాబు మీద అడగాల్సిన అనుబంధ ప్రశ్నలు తయారుచేసుకున్నారు. తీరా ఆ రోజు ఆయన ప్రశ్న జాబితాలో కిందికి పడింది. అక్కడిదాకా రాకముందే ప్రశ్నోత్తరాల గంట అయిపోయింది, సమాధానాన్ని సభ ముందు ఉంచినట్టు ప్రకటించి వదిలేశారు. లేచి ఒక్క మాట మాట్లాడే అవకాశం రాలేదు. లాబీలోంచి ఫోన్ చేసి "నా టైం, మీ టైం దండగ" అని కోప్పడ్డారు.

దండగ కాలేదు. సభ ముందు పెట్టిన ఆ సమాధానంలో ఖాళీల సంఖ్య, పెండింగ్ సంఖ్య ప్రభుత్వమే స్వయంగా ఒప్పుకుంది. ఆ కాగితం, మన 51 గొడవల లెక్క, రెండూ పట్టుకుని ఆయన కలెక్టర్ సమీక్షకు వెళ్లారు. అంతకుముందైతే ఆ మీటింగ్‌లో అధికారుల్ని క్రైమ్ మీటింగ్‌లో సీఐల్లా నిలబెట్టి కడిగేసేవారు. ఈసారి రెండు కాగితాలూ కలెక్టర్ ముందు పెట్టి ఊరుకున్నారు. పక్క డివిజన్ నుంచి ఒక సర్వేయర్‌ను వారానికి రెండు రోజులు డిప్యుటేషన్ మీద పంపారు. పూర్తి పరిష్కారం అనను. ఆర్నెల్లలో హద్దు పిటిషన్లు సగానికి పైగా తగ్గాయి, పోలీసు పిటిషన్లు మొత్తంలో మూడో వంతుకు వచ్చాయి. ఇదంతా సర్వేయర్ వల్లే కాదు. ఈయన ఫోన్ చెయ్యడని తెలిసి, ఫోన్ చేసే ఇంకో నాయకుడి దగ్గరికి కొందరు వెళ్లిపోయారు.

పని చెయ్యనిది

పోస్టింగ్ లేఖల విషయంలో నేను గెలవలేదు. ఎస్ఐ, సీఐ పోస్టింగులకు ఎమ్మెల్యే సిఫార్సు లేఖ అన్నది చట్టంలో ఎక్కడా లేదు, ఆఫీసుల్లో అందరికీ తెలుసు. పాత బ్యాచ్‌మేట్లు వస్తారు, టీ తాగుతారు, పిల్లల చదువుల గురించి మాట్లాడతారు, లేచేటప్పుడు విషయం చెప్తారు. "నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారు. అప్పుడు నా నియోజకవర్గానికి వాళ్ల మనిషి వస్తాడు" అని ఈయన వాదన. అది కొట్టిపారేసే వాదన కాదు.

2006 నాటి ప్రకాశ్ సింగ్ తీర్పు తీశాను. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కి, ఎస్పీకి కనీసం రెండేళ్లు కదపకుండా ఉంచాలని, బదిలీలు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనకు తీర్పు తెలుసు. అందుకని తీర్పు వదిలేసి ఆయన సర్వీసే అడిగాను. ఎన్నిసార్లు మధ్యలో కదిపారు? ఏడుసార్లట. ఒకసారి అయిదు నెలలు వీఆర్‌లో ఉన్నారట, జీతం కూడా ఆలస్యమైందట. ఆ అయిదు నెలలు ఆయన భార్య చుట్టాల పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిందని చెప్పారు. "ఎవరి లేఖ వల్ల?" అని అడిగితే అప్పటి ఎమ్మెల్యే పేరు వెంటనే చెప్పారు, ఇంటిపేరుతో సహా.

ఆ తర్వాత మేము కుదుర్చుకున్నది సగం ఒప్పందం. ఉన్నవాణ్ని తీసెయ్యమని లేఖ ఇవ్వరు. ఖాళీ వస్తే తెచ్చుకోవడానికి ఇస్తారు. నేను పూర్తిగా ఒప్పుకోలేదు, ఆయనా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

నేను మార్చుకున్నవి

యూనిఫాం వదిలి వచ్చిన మనిషి దగ్గరికి వెళ్తే ఇప్పుడు మొదటి వారం సలహా ఏదీ ఇవ్వను. వారం రోజుల కాల్ లిస్టు, విజిటర్ల పుస్తకం అడుగుతాను. గదిలో కుర్చీలు చూస్తాను. ఆ మనిషికి ఏ రిజిస్టర్ అంటే ఇష్టమో కనుక్కుంటాను. ఫలానాది మానెయ్యండి అని చెప్పడం దాదాపు మానేశాను. పీఏకి ఫోన్ అప్పగించే పద్ధతి ఇంకెవరికీ చెప్పలేదు. నియమావళి పుస్తకం మొదటి నెలలో ఇవ్వను. ముందు వంద పిటిషన్లు విడగొట్టిస్తాను, ప్రశ్న అందులోంచి దానంతటదే వస్తుంది. జీడీ ఎంట్రీ లాంటి దెబ్బ తగలకుండా ఆయన మారేవారా అని నన్ను అడుగుతుంటారు. మారేవారు కాదనే అనుకుంటున్నాను. పొలంవాణ్ని ఆ రాత్రి బెంచీ మీద కూర్చోబెట్టిన ఖర్చుతో వచ్చిన మార్పు అది. ఆ లెక్క నా మనసులో ఇంకా తేలలేదు.

పోయిన నెల ఆయన ఇంకో ప్రశ్న ముసాయిదా పంపారు. ఈసారి హోం శాఖకే. స్టేషన్లన్నిటిలో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 18 నెలలు ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. రాష్ట్రంలో ఎన్ని స్టేషన్లలో ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచుతున్నారు అని మూడు ముక్కలు. అచ్చు సరిగ్గా ఉంది. నాలుగోది మాత్రం నాకు అనుమానంగా అనిపించింది: (ఈ) పనిచేయని కెమెరాలకు బాధ్యులైన అధికారులపై తీసుకున్న చర్యలేమిటి. ఇది మళ్లీ పాత దారిలోకి పోతుందేమో, తీసేద్దామా అని ఫోన్ చేశాను.

"ఉంచండి" అన్నారు. "నేను డీఎస్పీగా ఉన్నప్పుడు నా సబ్‌డివిజన్‌లోనే రెండు స్టేషన్లలో పనిచేసేవి కావు."

అలాగే పంపాం. సమాధానం ఇంకా రాలేదు.